‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ సిరీస్: నవల చదివినవారు ఎందుకు కోప్పడుతున్నారు?

ప్రశ్న: మాస్టారూ, నెట్‌ఫ్లిక్స్‌లో ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ ఎనిమిది ఎపిసోడ్లూ చూశాను. చాలా నచ్చింది. మా హాస్టల్లో నవల చదివిన ఇద్దరు మిత్రులు మాత్రం కథను పాడుచేశారంటున్నారు. చైనావాళ్లు తీసిన ముప్ఫై ఎపిసోడ్ల సిరీసే అసలైనదని వాదిస్తున్నారు. ఎవరి మాట సరైనది? కథ తెలిసిపోయాక ఇక నవల చదవడం దండగా? అందులోని సైన్సును ఎంతవరకు నమ్మవచ్చు? (శ్రీకాకుళం నుంచి ఒక బీఎస్సీ విద్యార్థి)

సమాధానం:

నవల చదవడం దండగ కాదు. మీరు చూసిన ఎనిమిది ఎపిసోడ్లలో లేనిది ఆ పుస్తకంలో చాలా ఉంది. మీ మిత్రుల కోపంలో న్యాయం ఉంది కానీ, దానికి వాళ్లు చెబుతున్న కారణం సరైనది కాదని నా అభిప్రాయం. సిరీస్ చూడని పాఠకుల కోసం ఒక్క మాట: మూడు సూర్యుళ్ల మధ్య నలిగే లోకం నుంచి గ్రహాంతరవాసులను యె వెన్‌జియె అనే చైనా శాస్త్రవేత్త భూమికి ఆహ్వానించడం, వాళ్ల రాకను మిగతా శాస్త్రవేత్తలు ఎదుర్కోవడం ఈ కథ.

విజయనగరంలో చాలాకాలం డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించాను. చైనా రచయిత లియు సిషిన్ రాసిన ఈ కథ మూడు నవలలనూ ఇంగ్లీషు అనువాదంలో చదివాను, రెండు సిరీస్‌లనూ చివరిదాకా చూశాను. కోట దగ్గర ఒక మిత్రుడి ఇంట్లో పుస్తకాలు చదివేవాళ్లం కొందరం ఆదివారం సాయంత్రాలు కలుస్తుంటాం. 2024 మార్చిలో ఈ సిరీస్ వచ్చాక మా మధ్య జరిగినంత వాదన ఏ పుస్తకం గురించీ జరగలేదు. ఇక్కడ రాస్తున్నవాటిలో కొన్ని నా మాటలు, కొన్ని ఆ వాదనల్లో విన్నవి.

ముందుగా ‘మూలానికి కట్టుబడడం’ అనే కొలతను పక్కన పెట్టండి. మీ మిత్రులు పట్టుకున్న కొలత అదే. చైనా సిరీస్‌లో పాత్రల పేర్లు అవే, ఊళ్లు అవే, సంభాషణలు కూడా చాలాచోట్ల పుస్తకంలోవే. కాబట్టి అదే అసలైనదని తేల్చేశారు. అయితే ఏ పుస్తకానికి కట్టుబడి? ఈ నవల 2006లో చైనాలో ఒక సైన్స్ ఫిక్షన్ పత్రికలో ధారావాహికగా వచ్చింది, 2008లో పుస్తకమైంది. ఆ చైనా పుస్తకంలో సాంస్కృతిక విప్లవ కాలపు (మావో పిలుపుతో విద్యార్థులు మేధావులపై విరుచుకుపడ్డ రోజుల) అధ్యాయాలు కథ మధ్యలో ఎక్కడో వస్తాయి. 2014లో కెన్ లియు ఇంగ్లీషులోకి అనువదించినప్పుడు, రచయిత సమ్మతితోనే, వాటిని పుస్తకం మొదటికి తెచ్చారు. అలా మొదట్లో ఉండాలన్నదే రచయిత అసలు కోరిక. 2015లో సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో పురస్కారం పొందింది ఆ ఇంగ్లీషు పుస్తకమే. ఒక అనువాద నవలకు ఆ పురస్కారం రావడం అదే మొదటిసారి. కాబట్టి చైనా పాఠకులు చదివిన నవల, మనం చదివిన నవల ఒకే గుమ్మం నుంచి మొదలుకావు.

విజయనగరం వాళ్లకు ఈ సంగతి కొత్త కాకూడదు. ‘కన్యాశుల్కం’ ఈ ఊళ్లో 1892లో ప్రదర్శనకు వచ్చింది, 1897లో అచ్చయింది. 1909లో గురజాడే దాన్ని దాదాపు తిరగరాసి రెండో కూర్పు తెచ్చారు. ఈనాడు మనం గుండెకు హత్తుకునే నాటకం ఆ రెండోది. మొదటిదానికి కట్టుబడి ఉంటే మనకు తెలిసిన మధురవాణి మనకు ఉండేది కాదు. రచయితే తన రచనను అంతగా మార్చగలిగినప్పుడు మరొకరు మార్చడం దానికదే నేరం కాదు. మార్చినందువల్ల ఏమి పోయింది, ఏమి చేరింది అనేదే చూడవలసినది.

పోయినదాంట్లో అన్నిటికన్నా విలువైనది మీకు ఒక ఘట్టంతో చూపిస్తాను. సిరీస్‌లో నానో పదార్థాల పరిశోధకురాలు ఆగీ సలజార్ కళ్ల ముందు మెరిసే అంకెలు కనిపిస్తాయి. అవి తగ్గుతూ పోతుంటాయి. ఆమె భయపడుతుంది, వైద్యపరీక్ష చేయించుకుంటుంది, ఇంతలో ఒక అపరిచితురాలు వచ్చి పరిశోధన ఆపేయమంటుంది. చూడటానికి ఉత్కంఠగానే ఉంటుంది. నవలలో ఇదే అనుభవం వాంగ్ మియావ్ అనే నానో పదార్థాల పరిశోధకుడిది. ఆయనకు ఫొటోలు తీయడం సరదా. ఫిల్ము కడిగి చూస్తే, తీసిన ప్రతి ఫొటో మీదా అంకెలు. అప్పుడు ఆయన ఏమి చేస్తాడో చూడండి. కెమెరా మారుస్తాడు, అంకెలు వస్తాయి. ఫిల్ము లేని డిజిటల్ కెమెరాతో తీస్తాడు, వస్తాయి. అదే కెమెరా భార్యకు ఇచ్చి తీయమంటాడు, రావు. కొడుకుకు ఇస్తాడు, రావు. తాను నొక్కితే మళ్లీ వస్తాయి.

ఆ పేజీలు చదివినప్పుడు నాకు మా కాలేజీ ప్రయోగశాల గుర్తొచ్చింది. ఒక్కొక్కటే మార్చి, మిగతావన్నీ కదలకుండా ఉంచి, తప్పు ఎక్కడుందో పట్టుకోవడమే సైన్సు పని. వాంగ్ మియావ్ గొంతు తడారిపోతున్నా ఆ క్రమాన్ని వదలడు. చివరికి లోపం కెమెరాలో లేదు, ఫిల్ములో లేదు, తనతోనే ముడిపడి ఉందని తేలినప్పుడు కలిగే భయం అసలైన భయం, ఎందుకంటే దాన్ని ఆయన తన చేతులతో రుజువు చేసుకున్నాడు. సిరీస్‌లో ఆ రుజువు లేదు. అంకెలు మనకు కనిపించాయి కాబట్టి నమ్మేశాం. శాస్త్రవేత్తల గురించిన కథలో శాస్త్రవేత్త చేసే పనిని తీసేసి, పడే బాధను మాత్రం ఉంచారు. నవల చదివినవారిలో చాలామందికి కలిగే అసంతృప్తికి మూలం ఇదేనని నేను అనుకుంటాను, వాళ్లు దానికి పేర్ల మార్పు, ఊళ్ల మార్పు అని వేరే కారణాలు చెప్పినా సరే.

ఆకాశం కన్నుగీటే ఘట్టం కూడా అంతే. నవలలో మిణుకుమనేది విశ్వ నేపథ్య వికిరణం, అంటే విశ్వం పుట్టిన తొలిదశ నుంచి మిగిలిన 2.7 కెల్విన్ల చల్లని వెలుగు. మామూలు కంటికి అది కనిపించదు. ప్రత్యేకమైన పరికరం ఉన్నవాడికే తెలుస్తుంది. ఊరంతా నిద్రపోతుంటే విశ్వం మొత్తం తన ఒక్కడి కోసమే ఆరి వెలుగుతోందని వాంగ్ మియావ్ గ్రహిస్తాడు. సిరీస్‌లో నక్షత్రాలే ఆరి వెలుగుతాయి, ప్రపంచమంతా తల ఎత్తి చూస్తుంది. ఇక్కడ మాత్రం దర్శకులను నేను తప్పుపట్టను. కనిపించని దాన్ని తెర మీద చూపడం కష్టం, వాళ్లు ఎంచుకున్న దృశ్యం బాగానే ఉంది. కానీ ఆ ఒంటరితనం పోయింది.

సిరీస్‌లో ప్రధాన పాత్రలైన, ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ఐదుగురు మిత్రుల సంగతి చూద్దాం. ప్రపంచం తలరాత ఒకే క్లాసులో చదివిన ఐదుగురి చేతిలో పెట్టడమేమిటని మా ఆదివారం బృందంలో అందరికన్నా గట్టిగా పోట్లాడినవాడు రాజాం నుంచి వచ్చే బ్యాంకు ఉద్యోగి. ఆయన అడిగినదానికి జవాబు మూడు నవలల నిర్మాణంలో ఉంది. జిన్ చెంగ్ పాత్రలో మొదటి నవలలోని వాంగ్ మియావ్ కొంత ఉన్నాడు, మూడో నవల నాయిక చెంగ్ షిన్ చాలా ఉంది. సాల్ డ్యూరాండ్ రెండో నవలలోని లువో జి. విల్ డౌనింగ్ మూడో నవలలోని యున్ తియాన్‌మింగ్. పుస్తకాల్లో చెంగ్ షిన్, యున్ తియాన్‌మింగ్ సహపాఠులే, మిగతావాళ్లు మాత్రం వేర్వేరు కథల్లో, చాలావరకు ఒకరికొకరు తెలియకుండా బతుకుతారు. ఒక్కో నవలకు ఒక్కో కొత్త మనిషి వచ్చి పోతాడు. పాఠకుడు దాన్ని భరిస్తాడు, ఎందుకంటే ఆ నవలల్లో అసలు కథానాయకుడు కాలమే. టెలివిజన్‌లో ప్రతి సీజన్‌కూ నాయకుణ్ణి మార్చేస్తే ప్రేక్షకుడు నిలవడు. అందుకే ముగ్గురినీ మొదటి సీజన్‌లోకే లాక్కొచ్చి స్నేహం అనే దారంతో కట్టారు. ఈ మార్పు అవసరమని నేను ఒప్పుకుంటాను. విల్ చనిపోయే ముందు జిన్ కోసం నక్షత్రాన్ని కొనడం, ఆ తరువాత అతని మెదడును అంతరిక్షంలోకి పంపడం, ఇవి మొదటి సీజన్‌లోనే రావడం వల్ల సిరీస్‌కు నవల మొదటి భాగంలో లేని ఆర్ద్రత వచ్చింది. లియు సిషిన్ ఆలోచనల్లో మహా సంపన్నుడు, మనుషులను చెక్కడంలో కాదు. ఈ లోటును సిరీస్ పూడ్చింది, అందుకు వాళ్లకు నమస్కారం పెట్టాలి.

ఇక మొదటి సన్నివేశం. ఒక భౌతికశాస్త్ర ఆచార్యుణ్ణి వేదిక మీద మోకాళ్ల మీద కూర్చోబెట్టి, విద్యార్థులే కొట్టి చంపుతారు. భార్యే ఆయనకు వ్యతిరేకంగా మాట్లాడుతుంది. కూతురు యె వెన్‌జియె జనం మధ్య నుంచి చూస్తుంది. ఈ సన్నివేశం మీద మా ప్రాంతంలో వచ్చే అభిప్రాయాలు లండన్‌లోనో, బీజింగ్‌లోనో వచ్చేవి కావు. నవల ఈ ఘట్టానికి ఇచ్చిన సంవత్సరం 1967. పార్వతీపురం అప్పటికి శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో. అదే 1967 అక్టోబరు 31న ఆ ప్రాంతంలోని లేవిడి దగ్గర కాల్పుల్లో ఇద్దరు గిరిజనులు చనిపోయారు. శ్రీకాకుళ గిరిజన పోరాటం సాయుధ రూపం తీసుకున్నది ఆ తరువాతే. చైనా ఛైర్మనే మా ఛైర్మన్ అని నక్సల్బరీ బాట పట్టినవారు నినదించిన రోజులవి.

ఆ రోజులను దగ్గరగా చూసిన ఒక పెద్దాయన మా బృందంలో ఉన్నారు. ఆయన అభ్యంతరం ఇది: విప్లవం అంటే పిల్లలు గురువును కొట్టడమేనని ఎనిమిది నిమిషాల్లో చూపించి వదిలేశారు, అంతకుముందు ఆ దేశపు రైతు ఎలా బతికాడో ఒక్క మాట లేదు. ఆయనతో ఏకీభవించని పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయురాలు మరొకరు ఉన్నారు. మేము ఆ రోజుల్లో చైనా గురించి కరపత్రాల్లో చదివినది ఒకటి, అక్కడి ఆచార్యులు అనుభవించినది మరొకటి, మనకు తెలియనిది చూపించారు, అందులో తప్పేముంది అని ఆమె ప్రశ్న. ఇద్దరూ తమ యౌవనాన్ని ముందు పెట్టుకుని మాట్లాడుతున్నారు. అంత నిజాయితీగా సాగిన వాదనను నేను అరుదుగా విన్నాను.

నేను ఉపాధ్యాయురాలి పక్షం. ఆ సన్నివేశం లేకపోతే కథే నిలబడదు. భూమి మీద మనుషులు తమను తాము బాగుచేసుకోలేరు, బయటి నుంచి ఎవరైనా రావాలి అని యె వెన్‌జియె ఎందుకు అనుకుందో మనకు అర్థం కావాలి. కానీ నవలలో ఆమె నిస్పృహ ఆ ఒక్క హత్యతో పుట్టలేదు. అడవుల నరికివేత చూస్తుంది, నమ్మిన మనిషి చేతిలో మోసపోతుంది. ఏళ్లు గడిచాక తండ్రిని కొట్టిన అమ్మాయిలను వెతికి పిలిపిస్తుంది. పశ్చాత్తాపపడతారేమోనని చిన్న ఆశ. వాళ్లు పడరు. తమ యౌవనం కూడా నాశనమైందని, తమనూ ఎవరూ పట్టించుకోలేదని చెప్పి వెళ్లిపోతారు. నా దృష్టిలో మొత్తం మూడు నవలల్లో అతి భయంకరమైన అధ్యాయం అది. అందులో గ్రహాంతరవాసులు లేరు, ఆయుధాలు లేవు. క్షమాపణ అడిగే మనిషి ఒక్కరైనా దొరకని లోకం మాత్రమే ఉంది. సిరీస్ దాన్ని బాగా కుదించింది. ఆ పేజీల కోసమైనా మీరు నవల చదవాలి.

మీ మిత్రులు మెచ్చుకునే చైనా సిరీస్ బలహీనత కూడా సరిగ్గా ఇక్కడే ఉంది. 2023 జనవరిలో మొదలైన ఆ ముప్ఫై ఎపిసోడ్లలో పరిశోధన ఘట్టాలు నవలలో ఉన్నంత నిదానంగా, వివరంగా ఉన్నాయి. నేను పైన చెప్పిన కెమెరా ప్రయోగం ఉంది. డిటెక్టివ్ షి చియాంగ్‌గా యు హెవెయ్ నటన అద్భుతం, ఆ పాత్ర నవలలో నుంచి నడిచి వచ్చినట్టే ఉంటుంది. కానీ తండ్రి హత్యను దాదాపు పక్కకు తప్పించారు. కారణం ఊహించడం కష్టం కాదు. గాయం చూపించకుండా దాని పర్యవసానం మాత్రమే చూపిస్తే యె వెన్‌జియె కారణం లేకుండా ద్రోహం చేసిన మనిషిలా మిగిలిపోతుంది. అంటే అక్షరాలకు కట్టుబడ్డ సిరీస్ కథ గుండెను వదిలింది. పేర్లు మార్చేసిన సిరీస్ ఆ గుండెను పట్టుకుని, శాస్త్రజ్ఞుడి చేతిపనిని వదిలింది. రెంటిలో ఏదీ నవలకు పూర్తి ప్రతినిధి కాదు.

చైనా ప్రేక్షకుల కోపంలో ఒకదాన్ని మాత్రం తేలిగ్గా తీసిపారేయకూడదు. నెట్‌ఫ్లిక్స్ ఆ దేశంలో అధికారికంగా లేకపోయినా చాలామంది చూశారు. చెడ్డ జ్ఞాపకాలన్నీ చైనాలో ఉంచి, లోకాన్ని కాపాడే పనిని ఇంగ్లండుకు తరలించారని వాళ్ల ఫిర్యాదు. నవలలో ద్రోహమూ చైనాలోనే, దాన్ని ఎదుర్కొనే తెలివీ చైనాలోనే ఉన్నాయి. ఆ సమతూకం చెడింది. మన ప్రాంతపు కథను ఎవరైనా తీసి కరువును, గొడవలను ఇక్కడ ఉంచి, మంచి మనుషులను మరో రాష్ట్రానికి మార్చేస్తే మనకు మాత్రం మంటెక్కదా?

పనామా కాలువ ఘట్టంలో సిరీస్ నవలను మించిపోయింది. గ్రహాంతరవాసుల పక్షం వహించినవారి ఓడను కంటికి కనిపించని నానో తీగలతో పొరలు పొరలుగా కోసేయడం నవలలో ఒక తెలివైన ఉపాయంగానే సాగిపోతుంది. చనిపోయేవారి గురించి రచయిత పెద్దగా ఆగడు. సిరీస్ ఆ ఓడలో పిల్లలను చూపించింది. ఆ తీగను తయారుచేసిన మనిషి తన ఆవిష్కరణ చేసిన పని చూసి తల్లడిల్లడాన్ని చూపించింది. అది హింసను అమ్ముకోవడమని కొందరు ప్రేక్షకులు విమర్శించారు. నేను ఒప్పుకోను. నేను కనిపెట్టినదానితో ఇతరులు ఏమి చేస్తారు అనే ప్రశ్నను సైన్సు చదివే ప్రతి విద్యార్థీ ఒకసారైనా ఎదుర్కోవాలి.

ఇప్పుడు మీ సైన్సు ప్రశ్న. అరసవల్లిలో మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు తెల్లవారగానే సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. జనం ఆ రోజులు ముందే తెలుసుకుని వస్తారు. సూర్యుడు ఏ రోజు ఏ చోట ఉదయిస్తాడో లెక్క కట్టగలిగినందువల్లే అలాంటి కట్టడం సాధ్యమైంది. భూమి, సూర్యుడు అనే రెండింటి లెక్కను న్యూటన్ పరిష్కరించాడు. మిగతా గ్రహాల లాగుడు స్వల్పం కాబట్టి ఆ లెక్క మనకు బాగా పనిచేస్తుంది. ఒకదాన్నొకటి లాగే మూడు వస్తువుల కదలికను లెక్క కట్టడమే ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’. మూడు సూర్యుళ్లున్న లోకంలో అరసవల్లి గుడి కట్టలేరు. రేపు సూర్యుడు ఎటు నుంచి వస్తాడో, అసలు వస్తాడో లేదో చెప్పలేరు. 19వ శతాబ్దం చివర్లో ఫ్రెంచ్ గణితవేత్త ప్వాంకరే ఈ సమస్య మీద పనిచేస్తూ, ప్రారంభ స్థితిలో అతి చిన్న తేడా కూడా తరువాత ఫలితాన్ని పూర్తిగా మార్చేయగలదని గ్రహించాడు. ఇంతవరకు కథ నిజమైన సైన్సు మీదే నిలబడి ఉంది.

అయితే ఈ సమస్యకు పరిష్కారమే లేదని సిరీస్ చూసినవారు అనే మాటను కొంచెం సరిదిద్దుకోవాలి. కొన్ని ప్రత్యేక అమరికలకు కచ్చితమైన పరిష్కారాలు 18వ శతాబ్దంలోనే దొరికాయి. 1912లో ఫిన్లాండ్ గణితవేత్త సుండ్‌మన్ ఒక అనంత శ్రేణి రూపంలో పరిష్కారం ఇచ్చాడు కానీ, అది ఎంత నెమ్మదిగా తేలుతుందంటే ఎవరికీ ఉపయోగపడదు. కంప్యూటర్‌తో కొంతకాలం వరకు లెక్క కట్టవచ్చు. చాలా దూరపు భవిష్యత్తును చెప్పలేం, అంతే.

నవలలో గ్రహాంతరవాసుల లోకం ఉన్న ఆల్ఫా సెంటారీ విషయంలో రచయిత స్వేచ్ఛ తీసుకున్నాడు. అక్కడ మూడు నక్షత్రాలున్న మాట నిజం. కానీ రెండు పెద్ద నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి దాదాపు 80 ఏళ్లకోసారి తిరుగుతాయి. మూడోదైన ప్రాక్సిమా వాటికి, భూమి-సూర్యుల దూరానికి సుమారు 13,000 రెట్ల దూరంలో ఉంది. అంత దూరంలో ఉన్నది ఆ జంటను కలవరపెట్టలేదు. కాబట్టి నవలలోని అల్లకల్లోలం అక్కడ ఉండదు. ప్రయాణం లెక్క మాత్రం సరిగ్గానే ఉంది: నాలుగు కాంతి సంవత్సరాలకు పైబడిన దూరం, నాలుగు వందల ఏళ్ల ప్రయాణం, అంటే కాంతి వేగంలో సుమారు ఒక శాతం.

సోఫాన్ల (గ్రహాంతరవాసులు ఒక్కో ప్రోటాన్‌నే కంప్యూటర్‌గా మార్చి భూమి మీదికి పంపిన నిఘా సాధనాల) మీదే మా విద్యార్థుల ఫిర్యాదులన్నీ. ప్రోటాన్‌ను విప్పి, దాని మీద కంప్యూటర్ చెక్కి, మళ్లీ మడవడం సిరీస్‌లో కొద్ది నిమిషాల్లో అయిపోయింది. చాలామందికి అర్థం కాలేదు. నవలలో ఆ ప్రయత్నం ముందు ఒకటి తరువాత ఒకటిగా విఫలమవుతుంది. ఆ వైఫల్యాల వర్ణనే అక్కడి అందం. పోతే, చిక్కుముడి పడ్డ కణాల (క్వాంటమ్ ఎంటాంగిల్‌మెంట్) ద్వారా కాంతికన్నా వేగంగా సమాచారం పంపడం మనకు తెలిసిన భౌతికశాస్త్రం ప్రకారం కుదరదు. రెండు కణాల కొలతల మధ్య సంబంధం ఉంటుంది, కానీ దానితో కబురు పంపలేం. పరీక్షలో అలా రాయకండి.

నవల ఎలా చదవాలో కూడా చెబుతాను. మొదటి భాగాన్ని వరుసగా చదవండి, సిరీస్‌లో చూశాం కదా అని అధ్యాయాలు దాటేయకండి. వీడియో గేమ్ అధ్యాయాల్లో మూడు కోట్ల మంది సైనికులు జెండాలు ఎత్తుతూ దించుతూ కంప్యూటర్‌లా పనిచేసే ఘట్టం దగ్గర ఆగి, కాగితం మీద లాజిక్ గేట్లు గీసుకుని చూడండి. మీ డిజిటల్ ఎలక్ట్రానిక్స్ పాఠం అక్కడ ప్రాణం పోసుకుంటుంది. రెండో భాగం ‘ద డార్క్ ఫారెస్ట్’ మొదట్లో నీరసంగా ఉంటుంది. లువో జి మీద విసుగు కూడా పుడుతుంది. అయినా వదలకండి. సిరీస్‌లో సాల్ డ్యూరాండ్‌కు యె వెన్‌జియె చెప్పిన వేళాకోళపు కథ ఎందుకు అంత ముఖ్యమో ఆ భాగం చివర్లో తెలుస్తుంది. సిరీస్ తరువాతి సీజన్లకు 2024లోనే అనుమతి వచ్చింది. ఆ జవాబును తెర మీద ఎవరో చెప్పకముందే పుస్తకంలో మీరే పట్టుకోండి. చైనా సిరీస్‌ను మొదటి నవల పూర్తయ్యాక చూడండి. అప్పుడు దాని నిదానం మీకు బరువుగా అనిపించదు.